సిలువ కుట్టిన సంచి

నా చిన్నప్పుడు మా సంఘంలో ఒక పెద్ద ఉండేవాడు. పెద్దమనిషి అనడానికి నాకు నోరు రాదు. సంఘ పెద్ద, అంతే. మడత నలగని తెల్లచొక్కా, చంకలో బైబిలు. ప్రార్థనకు నోరు తెరిచాడంటే అబ్బో, ఇక మూసే మాటే లేదు. మేం పిల్లలం మోకాళ్ళు నొప్పులు పుట్టి మెలికలు తిరిగిపోతుంటే, ఆయన మాత్రం తానెంత నీతిమంతుడో దేవుడికి విడమరిచి చెబుతుండేవాడు. దేవుడికి తెలియదు కాబోలు!

చిలకలగూడలో మా ఇల్లు చర్చి వెనక సందులోనే. మా ఆడవాళ్ళకు పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా, వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి సంచిలో వేయాలి. ఆదివారం ఆ సంచి చర్చికి తేవాలి. అవన్నీ మా నాయనమ్మ దగ్గరికి చేరేవి. ఆవిడ చెరిగి, ఏరి, లేనివాళ్ళకు పంచేది. వండే బియ్యంలోంచే తీయాలన్నది అందులో అసలు సంగతి. మనం తినేదే వాళ్ళూ తినాలి.

పెద్దగారింటి సంచి అన్నిటికంటే అందంగా ఉండేది. దాని మీద వాళ్ళావిడ జరీ దారంతో సిలువ కుట్టింది. లోపల మాత్రం ముక్కిపోయిన దొడ్డుబియ్యం, పురుగులు, ఎంత ఏరినా తరగని రాళ్ళు. ఇంట్లో వాళ్ళు తినేది సన్నబియ్యం. పారబోయాల్సినవి దేవుడి పేరు చెప్పి మా నాయనమ్మ చాటలో పోసేవారు. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పక్కింటి అక్కకు ఆ పంచే బియ్యమే ఆధారం. భర్త మంచాన పడ్డాడు, ఇద్దరూ పసిపిల్లలే. ఆవిడ బొల్లారంలో ఒక మిలిటరీ ఆఫీసరు ఇంట్లో పనిచేసేది. ఆదివారాలు అక్కడ విందులు, కాబట్టి చర్చికి రాలేకపోయేది. ఒకరోజు వాళ్ళ చిన్నవాడు అన్నం తింటూ రాయి కొరికాడు. చిగురు చీరుకుపోయి నోటినిండా నెత్తురు. నేను పక్కనే ఉన్నాను. అక్క ఏడుస్తూనే వచ్చి, "జెర మంచియి ఉంటే చూడమ్మా" అని నాయనమ్మను అడిగింది.

ఆ మాట పెద్దగారి చెవిన పడింది. అంతే, అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. ఆదివారం మొహం చూపించని మనిషి, పెట్టిన బియ్యానికి వంకలు పెడుతుందా, ఆవిడకు పంచడం ఆపేయాల్సిందేనని పట్టుబట్టాడు. అదేదో తేల్చడానికి సంఘ పెద్దలు మా ఇంట్లోనే కూర్చుంటామన్నారు. మా ఇంట్లో కూర్చోవడమంటే భోజనం చేసి వెళ్ళడమే. నాయనమ్మ వండే మటన్ కూర రుచి వాళ్ళకు బాగా తెలుసు.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున నాయనమ్మ సిలువ సంచి విప్పింది. అక్కకు ఇచ్చేటప్పుడు ఎంత ఏరేదో అంతే ఏరి, ఆ బియ్యమే వండింది. కూర మాత్రం వీధి మొదలుదాకా ఘుమఘుమలాడింది. పెద్దగారు కంచం ముందు కూర్చుని కళ్ళు మూసుకుని, కృతజ్ఞత లేని ఆత్మల గురించి దేవుడికి చాడీలు చెప్పాడు. అన్నం చల్లారిపోయాక ఆమెన్ అని మొదటి ముద్ద నోట్లో పెట్టాడు. కరక్కుమంది.

"ఏందమ్మా ఈ బియ్యం? మనుషులు తింటరా గివి?" అని అరిచాడు.

నాయనమ్మ గరిటె కింద పెట్టి, ఖాళీ సంచి తెచ్చి ఆయన ముందు పరిచింది. "మీ ఇంటియే అయ్యా. పక్కింటి పిల్లలు సుత గివే తింటున్నరు" అంది. తరవాత తనూ ఒక కంచం పెట్టుకుని అదే అన్నం తిన్నది. నాకూ అదే పెట్టింది.

 పెద్దగారు ముందు తప్పు భార్యదన్నాడు, తరవాత రేషన్ షాపువాడిదన్నాడు, ఆఖరికి సాతాను శోధన అన్నాడు. తన పేరు తప్ప అందరి పేర్లూ వచ్చాయి. మిగతా పెద్దలు తల వంచుకుని తిన్నారు. అక్క బియ్యం ఆపే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆయన మారాడా? ఎక్కడ మారతాడు! తరవాతి ఆదివారం, దైవసేవకులను అవమానించేవారి కోసం కన్నీళ్ళతో ప్రార్థించాడు. కాకపోతే సంచిలో సన్నబియ్యం వచ్చింది. దేవుడికి భయపడని మనిషి నాయనమ్మ వంటకు భయపడ్డాడు.

భోజనాల రోజు పెద్దలు వెళ్ళగానే నేను పడీపడీ నవ్వాను. నాయనమ్మ నవ్వలేదు. "నవ్వింది చాలు, పో, ఇది ఇచ్చిరా" అని మా డబ్బాలోని మంచి బియ్యం, మిగిలిన కూర అక్కింటికి పంపింది. ఆ రాత్రి కూడా మేం దొడ్డన్నమే తిన్నాం.

ఇప్పుడు మా చర్చిలో ఏసీలున్నాయి, పెద్ద స్క్రీన్ ఉంది. క్రిస్మస్‌కు అనాథ పిల్లలకని చిరిగిన బట్టలు, తేదీ దాటిన బిస్కెట్లు తెచ్చి ఫొటోలు దిగేవాళ్ళున్నారు. జరీ సిలువ ఎక్కడికీ పోలేదు.

నేను మాత్రం ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీస్తాను. ముందు ఆ పిడికెడు ఏరి, తరవాతే మా ఇంటివి ఏరుకుంటాను. "ప్యాకెట్ బియ్యంల రాళ్ళేడివి అత్తమ్మా?" అని మా కోడలు నవ్వుతుంది. ఉండవని నాకూ తెలుసు. అయినా సంచిలో వేసేముందు నాలుగు గింజలు పళ్ళ కింద పెట్టి నమిలి చూస్తాను. ఆ పసివాడి నోట్లో నెత్తురు చూసినదాన్ని నేను.