గోదారి మీద ఎంగిలిపడని అత్తగారు

"లాంచీ దిగేటప్పుడు తినే వస్తువేదీ పట్టుకెళ్ళకూడదండీ. తినేది ఇక్కడే తినేసి దిగండి."

"మా అత్తగారు గోదారి మీద తినరు బాబూ. గుడి రేవులో ఓ పక్కన కూర్చోబెట్టి, నాలుగు ముద్దలు పెట్టి తీసుకొచ్చేస్తాను."

"గోదారి మీద తిననివారు గోదారి మీదకి రావడం ఎందుకండీ?"

"నీ లాంచీ చూడ్డానికి రాలేదయ్యా. భద్రాద్రి రాముణ్ణి చూడ్డానికి వచ్చాం."

"రాముడి దగ్గరికి బస్సు కూడా వెళ్తుందండి."

"ఆ మాట టిక్కెట్టు ఇచ్చినప్పుడు చెప్పలేదేం? భోజనంతో కలిపే కదా తీసుకున్నావు? మా అన్నం మేం ఎక్కడ తింటే నీకేం?"

"అమ్మా, మీరు పెద్దవారు, మీకు చెప్పేటంతవాణ్ణి కాదు. మొన్నో పెద్దమనిషి ఇలాగే ఆకు పట్టుకెళ్ళి గుడి మెట్ల నిండా సాంబారు ఒలకబోశారండి. ఇంకోసారి ఎంగిలాకు కనబడిందంటే మన లాంచీని రేవుకి రానివ్వం అన్నారు గుడివాళ్ళు. మీ అత్తగారికేమో గోదారి ఎంగిలి కాకూడదు, వాళ్ళకేమో గుడి ఎంగిలి కాకూడదు. మధ్యలో నేనేం చెయ్యనండి?"

నాకూ ఆ లాంచీ మేనేజరుకీ ఈ తగువు జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. మొన్న మా మనవరాలు, మొగుడితో కలిసి సముద్రం మీద ఏదో పెద్ద ఓడలో షికారు వెళ్ళినది, ఫోను చేసి, ఓడలో ఎంత కావాలంటే అంత తినొచ్చు గానీ ఊరు చూడ్డానికి ఒడ్డున దిగేటప్పుడు మాత్రం సంచీ వెతికి యాపిల్ పండు కూడా లాక్కున్నారు నానమ్మా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫోను పెట్టేసి కాగితం, కలం తెచ్చుకున్నాను. మీలో నా వయసు వాళ్ళకి, అత్తగారి మాట దాటకుండా బతికి కోడలి మాట వింటూ ముసలివాళ్ళయిన వాళ్ళకి, ఇది చెప్పుకుంటే అర్థమవుతుందని రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అత్తగారి పుట్టిల్లు మాత్రం లంకలో. చుట్టూ గోదారి, నడుమ ఊరు. ఉప్పు కావాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా పడవ దాటాల్సిందే. ఆ లంకవాళ్ళకి ఒక పట్టింపు ఉండేది. పడవెక్కితే దిగేదాకా నోట్లో ఏమీ వేసుకోరు. తిన్న చెయ్యి ఆ తల్లి నీళ్ళలో కడగకూడదన్నది ఒకటి, ఆవిడ ఎదురుగా మనం నోరాడిస్తే ఆవిడకీ ఆకలి గుర్తొస్తుందన్నది ఇంకొకటి. వరదల్లో ఇళ్ళూ గొడ్లూ కొట్టుకుపోవడం కళ్ళారా చూసినవాళ్ళు కాబట్టి గోదారికి ఆకలి గుర్తుచెయ్యడమంటే వాళ్ళకి మామూలు సంగతి కాదు. చంటిపిల్లలకి కూడా పడవలో పాలిచ్చేవాళ్ళు కాదని మా అత్తగారు చెప్పేవారు. దాటడానికి ఎంతసేపులే, ఒక పాట పాడుకునేటంతసేపు. అందుకని ఆ నియమం ఎవరికీ కష్టమయ్యేది కాదు.

కానీ రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ మీద వెళ్ళడమంటే ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ కొంత పగలు. ఆవిడకి అప్పటికే ఒళ్ళు తగ్గిపోయింది, చూపు మందగించింది, షుగరు వచ్చి బిళ్ళలు వేసుకుంటున్నారు. బిళ్ళ వేసుకున్నాక కడుపు ఖాళీగా ఉంచితే కళ్ళు తిరిగి పడిపోతారని పాలకొల్లు డాక్టరు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఆవిడకి చెప్పి లాభం లేదని ఆయనకీ తెలుసు. ఒక్కసారి పాపికొండల మధ్యనుంచి వెళ్ళి రాముణ్ణి చూడాలని ఆవిడ కోరిక. ఇక ముందు తీసుకెళ్ళగలమన్న నమ్మకం మాకెవరికీ లేదు. మా వారు టిక్కెట్లు కొనేశారు. తిండి సంగతేమిటండీ అంటే, అక్కడక్కడా ఆపుతారటే, దింపి పెట్టేద్దాం అన్నారు. ఆయనకి అన్నీ అలాగే తేలిక. పెట్టేది నేను కదా.

ఇంటి నుంచి అన్నం మోసుకెళ్ళచ్చు కదా అని మీరనొచ్చు. టిక్కెట్టులో భోజనం కలిపి ఉండగా మళ్ళీ ఇంట్లో బియ్యం ఖర్చుపెట్టి, ఎండలో పులిసిపోయే అన్నం మోసుకెళ్ళే మనిషిని కాదు నేను. నా కాపురమంతా అలాగే గడిచింది. దానికి ఇప్పుడు సంజాయిషీ చెప్పుకోను.

తెల్లవారుజామున రాజమండ్రి రేవు మెట్ల మీద కూర్చోబెట్టి రెండు ఇడ్లీలు తినిపించి, బిళ్ళ వేయించి లాంచీ ఎక్కించాను. పొద్దెక్కాక అందరికీ టిఫిను ఇచ్చారు, ఆవిడ తల అడ్డంగా ఊపారు. మధ్యాహ్నం భోజనాలు వడ్డించారు, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోదారి వైపు తిరిగి కూర్చున్నారు. ఇంకాసేపట్లో కొండ కింద శివాలయం రేవులో ఆపుతారని తెలిసి, అక్కడ పెట్టుకుంటానని నేను అడగడం, ఆ మేనేజరు కుదరదనడం, అదీ మొదట చెప్పిన తగువు. చివరికి అతను విసిగిపోయి, లాంచీ బాత్రూములో నీళ్ళు ఎటు పోతున్నాయనుకుంటున్నారండీ మీ అత్తగారు అన్నాడు. ఆ పాపం నీది, ఈ పట్టింపు ఆవిడది, నీది నువ్వు చూసుకో అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం అప్పటికే ఒళ్ళు అలిసిపోయింది. ఇటు ఈవిడకి సర్దిచెప్పలేక, అటు వాడికి నచ్చచెప్పలేక, రెండు వైపులా మాటలు పడడమే నా ఉద్యోగమైపోయినట్టు అనిపించింది.

ఇక అడగడం మానేసి, ఒక స్టీలు డబ్బాలో లాంచీవాళ్ళు వడ్డించిన పులిహోర సర్దుకుని, శివుడికని తెచ్చిన పూజ బుట్టలో అడుగున పెట్టి, పైన పూలూ అరటిపళ్ళూ కొబ్బరికాయా పెట్టేశాను. ఒడ్డుకి వేసిన పలక మీంచి దిగేవాళ్ళ సంచులు మేనేజరు చూస్తున్నాడు గానీ దేవుడి బుట్టలో చెయ్యిపెట్టే ధైర్యం ఎవడికుంటుంది? మా అత్తగారికి చెప్పలేదు. చెబితే, ఆవిడ దొంగచాటు తిండి ముట్టరు. ఆ బుట్ట నేనే పట్టుకుంటానని ఆవిడ పట్టుబట్టి తీసుకున్నారు. స్వామి దగ్గరికి ఉత్తచేతుల్తో ఎలా వెళ్తానే అన్నారు. సరే, మా వారు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు, నేను వెనకాలే మంచినీళ్ళ సీసా నింపుకుని వస్తానన్నాను. అక్కడే పొరపాటు జరిగింది.

నేను మెట్లెక్కి వెళ్ళేసరికి గంట మోగుతోంది. పూజారిగారు బుట్టలోవన్నీ తీసి, డబ్బా మూత కూడా తీసి, స్వామి ముందు పెట్టి నీళ్ళు తిప్పేశారు. లాంచీ వంటవాడు ఉప్పు చూసి దింపిన పులిహోర శివుడికి నైవేద్యమైంది. ఇక దాన్ని వెనక్కెలా అడుగుతాను? నైవేద్యమన్నాక పదిమందికీ పెట్టాలి కదా. మా అత్తగారి మొహం వెలిగిపోతోంది. అక్కడున్న జనమంతా వరసలో నిలబడితే డబ్బా తన ఒళ్ళో పెట్టుకుని, చూపు ఆనకపోయినా చేతులు తడుముకుంటూ, ఒక్కొక్కరి దోసిట్లో పెడుతున్నారు. నన్ను చూసి, "ఎప్పుడు కలిపావే ఇంత పులిహోర? నాతో ఒక్క ముక్క చెప్పలేదు" అన్నారు. "మీరూ తినండి అత్తయ్యగారూ, ముందు మీరు తినండి" అన్నాను. "ఉండవే, పెట్టే చెయ్యి ముందు తింటుందా?" అన్నారు.

ఆ వరసలో లాంచీ మేనేజరు కూడా ఉన్నాడు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, "అద్భుతంగా ఉందండీ, ఇంటి పులిహోర ఇంటి పులిహోరేనండి" అన్నాడు. తర్వాత ఇంకో మారు నమిలి, డబ్బా వంక చూసి, నా వంక చూశాడు. గుళ్ళో తగువు పెట్టుకోలేక, బయటికి వెళ్ళి ఈల ఊదాడు. చివరికి డబ్బా అడుగున వేలికి అంటేటంత మిగిలితే మా అత్తగారు అదే ప్రసాదమని నాలిక మీద వేసుకున్నారు. అరటిపళ్ళు పిల్లలకి పంచేశారు. నోట్లో పళ్ళు లేని మా అత్తగారి చేతికి కొబ్బరిచిప్ప ఇచ్చారు పూజారిగారు. ఈలలు, కేకలు, పదండి పదండి అని తోపులాట. అందరితో పాటు మేమూ ఎక్కేశాం.

లాంచీ కదిలి కాసేపయ్యాక ఆవిడ నుదుటి మీద చెమట చూశాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా వణుకుతోంది. టీ ఇచ్చే అతని దగ్గర దోసెడు పంచదార తెచ్చి నోటి దగ్గర పెడితే పెదాలు బిగించేశారు. అమ్మా, నా మాట విను, నీ కాళ్ళు పట్టుకుంటానని మా వారు బతిమాలారు. "ఒడ్డు రానీరా" అని మాత్రం అన్నారు, అదీ మాట ముద్దగా. అప్పటికి కళ్ళు వాలిపోతున్నాయి. నేను మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఇక్కడ రేవు లేదు, అన్నీ రాళ్ళు, ఆపడం కుదరదన్నాడు. ఈసారి నేను తగువు పెట్టుకోలేదు. వచ్చి ఒక్కసారి ఆ మనిషిని చూడు బాబూ అన్నానంతే. వచ్చి చూశాడు. మొహం పాలిపోయి వెనక్కి పరుగెత్తి లాంచీ నడిపే సరంగుకి కేకేశాడు. లాంచీని ఒక ఇసుకతిన్నె మీదకి ఎక్కించారు. మా వారూ ఇంకో ఇద్దరూ ఆవిణ్ణి ఎత్తుకుని మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఇసుక మీద కూర్చోబెట్టారు. అక్కడ నోరు తెరిచారు. పంచదార తిన్నారు, తర్వాత మేనేజరు తానే గిన్నెలో తెచ్చిన పెరుగన్నం తిన్నారు. నెమ్మదిగా చెయ్యి వెచ్చబడింది.

అంతసేపూ లాంచీ నిండా జనం కటకటాల దగ్గర నిలబడి చూస్తున్నారు. పొద్దు వాలిపోతోందని ఒకరు, చిన్నపిల్లలకి చలేస్తుందని ఒకరు. ఎవరో ఆవిడ, అంత నిష్ఠ ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి గానీ కోడల్ని ఇలా చంపుకు తింటే ఎలాగ అంది. మేనేజరు నన్ను పక్కకి పిలిచి, తన గుండె ఇంకా దడదడలాడుతోందనీ, ఆవిడకేమన్నా అయితే తన ఉద్యోగం పోవడం అటుంచి ఆ ఉసురు తనకి తగిలేదనీ అన్నాడు. పక్కకే పిలిచాడు గానీ గొంతు తగ్గించలేదు. నేను తల వంచుకుని విన్నాను. అన్నీ నిజాలే. మా అత్తగారు ఇసుక మీద కూర్చుని గిన్నె తుడుచుకుని తింటున్నారు. చూపు మందమే గానీ చెవులు పాము చెవులు ఆవిడవి. ఆ రాత్రి ఒడ్డున వెదురు గుడిసెల్లో ఉంచారు, అక్కడ అన్నం తిని పడుకున్నారు.

ఇప్పుడు ఆ నియమం పాటించేవాళ్ళు మా వైపు ఎవరూ లేరు. లంకలకి వంతెనలు వచ్చాయి, పడవ రేవులు పాడుపడ్డాయి. ఈ మధ్య మా వాళ్ళతో కలిసి లాంచీ ఎక్కితే అందరూ పొట్లాలు విప్పుకుని తిని, కాగితం కంచాలు అలాగే నీళ్ళలోకి విసిరేశారు. కసురుకున్నాను, వినలేదు, ఊరుకున్నాను. ఏళ్ళ తరబడి ఆవిడ పట్టింపులు మోసి మోసి విసిగిపోయి, ఈవిడ ఒక్కపూట మాట వింటే బాగుండునని నేననుకోని రోజు లేదు. ఎవరి పట్టింపులూ మొయ్యక్కర్లేని రోజులు వచ్చాయి గదా. మరి ఒళ్ళు ఎందుకు తేలికపడలేదో నాకు తెలియదు.

ఆనాడు, ఆ గుడిసెల్లో పడుకున్న మర్నాడు పొద్దున్న లాంచీ బయల్దేరాక ఉప్మా ఇస్తూ మేనేజరు మా దగ్గరికి వచ్చి, కంచం ఇవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు. మా అత్తగారు చెయ్యి చాచి, "ఇలా ఇవ్వు నాయనా, ఒక ఖాళీ బకెట్టు కూడా ఇప్పించు" అన్నారు. గోదారికి వీపు పెట్టి కూర్చుని, కంచంలో ఉన్నదంతా తిన్నారు. బకెట్టులో చెయ్యి కడుక్కుని, అందులోనే పుక్కిలించి, బిళ్ళ వేసుకున్నారు. భద్రాచలం రేవులో దిగాక ఆ బకెట్టు నేను ఒడ్డు మీదకి మోసుకెళ్ళి, నీటికి దూరంగా ఒక తుమ్మచెట్టు మొదట్లో పారబోశాను. మేనేజరు బకెట్టు కోసం పలక దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇచ్చేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.