శాలువా కంటే ముందు

మా సేవా క్లబ్బుకి కార్యదర్శిని నేనే. ఆ ఆదివారం కరోల్ బాగ్‌లో మా సమావేశానికి ఒక కంటి డాక్టరుగారు మాట్లాడటానికి వస్తున్నారు. లేనివాళ్ళకు పంచడానికి సభ్యులిచ్చిన పాత కళ్ళజోళ్ళన్నీ సంచీలో కుక్కుకుని నోయిడాలో మెట్రో ఎక్కాను. "అన్నీ తెస్తున్నా, ఫొటోకి బల్ల సర్దండి" అని ఫోన్లో చెబుతుంటే, మెడలో ఆసుపత్రి కార్డుతో పక్కన కూర్చున్న నర్సమ్మాయి సంచీలోకి తొంగిచూసింది.

"తుడిచారా అంకుల్?"

"తీసుకున్నవాళ్ళు తుడుచుకుంటారులేమ్మా."

డ్యూటీ దిగి వస్తోందేమో, ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా సంచీ తన ఒళ్ళోకి లాక్కుని, చున్నీ అంచుతో ఒక్కో అద్దం తుడవడం మొదలుపెట్టింది.

"కడగని కంచంలో అన్నం పెడతామాండీ?" అంది, తల ఎత్తకుండానే.

ఫోన్ జేబులో పెట్టేసి నేనూ ఒక కళ్ళజోడు అందుకున్నాను.

మండీ హౌస్ స్టేషన్లో ఆమె దిగిపోయింది. మిగిలినవి నా చేతిరుమాలుతో తుడుస్తూ కూర్చుంటే కరోల్ బాగ్ దాటిపోయింది. ఆలస్యమంటే ఒళ్ళు మండే నేనే ఆ రోజు డాక్టరుగారిని అరగంట కూర్చోబెట్టాను. చివర్లో వందన సమర్పణ కూడా నాదే. అందరి పేర్లూ చదివాను. అసలు చదవాల్సిన పేరు మాత్రం నేను అడగనే లేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి ఆ తల్లి.

ఇప్పుడు మా క్లబ్బుకి మాట్లాడటానికి ఎంత పెద్దవారు వచ్చినా, శాలువా కంటే ముందు చేతికో మెత్తని గుడ్డ ఇస్తాం. మాతోపాటు కూర్చుని నాలుగు కళ్ళజోళ్ళు తుడిచాకే వారికి మైకు.