మేష్టారి గుంజీలు

ఆ పిల్లంటే నాకు మొదటి రోజే ఒళ్లు మండింది. ఉన్నమాట చెప్పుకోడానికి ఈ వయసులో నాకేం మొహమాటం?

రెండువేల నాలుగో, ఐదో. లెక్కల మేష్టారిగా రిటైరై అనకాపల్లిలో ఇల్లు తీసుకున్నాక నా మోకాళ్లు రెండూ మొరాయించాయి. నడవడం ఎలాగో నడిచేవాణ్ణి. లెట్రిన్లో కూర్చుంటే మాత్రం లేవలేకపోయేవాణ్ణి. మాది నేలమీద కూర్చునే పాతకాలం లెట్రిన్. గడియ వేసుకోకుండా కూర్చుని, పనయ్యాక మా ఆవిణ్ణి కేకేయాలి. నా భుజానికైనా రాని మనిషి, పైగా నడుంనొప్పి మనిషి, వచ్చి నా చేతులు పట్టుకుని లాగాలి. ముప్పై ఏళ్లు పిల్లల్ని గడగడలాడించిన వాడికి ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా? నా అంతట నేను లేవాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఎముకల డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. అన్నం తిన్నాక ఒకటి, అదీ పది రోజులేనట. ఎక్కువ వాడితే కడుపూ కిడ్నీలూ పాడవుతాయట. తొడల్లో బలం పెంచుకోవడమే అసలు మందని చెప్పి, మేడ మీదున్న ఫిజియోథెరపీ గదికి పంపాడు. మోకాళ్ల నొప్పుల వాడికి మేడ మీద వైద్యం!

అక్కడుంది ఆ పిల్ల. పాతికేళ్లుంటాయి. నన్ను చూడగానే లేచి నిలబడి, తను మా స్కూల్లోనే చదువుకున్నానంది. నాకు మొహం గుర్తు రాలేదు. కుర్చీ చూపించి, చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చోమంది. తను లెక్కపెడుతుందట.

పేరేదైతేనేం, అవి గుంజీలే! ఎక్కం తప్పిన ప్రతివాడికీ నేను వేసిన శిక్ష అది. తాతకి దగ్గులు నేర్పినట్టు, తీయించినవాడికే తీయడం నేర్పుతోంది. ఇది పగ తీర్చుకోవడం కాక మరేమిటి అనుకున్నాను. నొప్పి వస్తే చెప్పమంది, అక్కడే ఆపేస్తానంది. దాన్నిబట్టి రోజురోజుకీ పెంచుతుందట. దాని ముందు నేను నొప్పి అనాలా? చచ్చినా అనను.

మర్నాటి నుంచి బయల్దేరే ముందు పరగడుపునే రెండు మాత్రలు మింగేవాణ్ణి. పది రోజులు దాటాక కూడా మెడికల్ షాపువాడు అడిగినన్ని ఇచ్చాడు. నాకు నొప్పే తెలిసేది కాదు. పదిహేను, ఇరవై, పాతిక. మాత్రలు వాడుతున్నారా అని ఆ పిల్ల అడిగితే మానేశానన్నాను. నమ్మి, కాళ్లకి ఇసక సంచులు కూడా కట్టింది. కడుపులో మంట పుడితే మజ్జిగ తాగి ఊరుకునేవాణ్ణి. గెలుస్తున్నాననే అనుకున్నాను, వెధవ తెలివి.

మూడో వారం ఒకనాడు పొద్దున్న కుడి మోకాలు కొబ్బరికాయంత వాచింది. లెట్రిన్లో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండిపోయాను. మా ఆవిడ లాగింది, లాగింది, నడుం పట్టేసి తనూ గుమ్మంలో కూలబడింది. చివరికి పక్కింటాయన్ని పిలవాల్సొచ్చింది. బెల్లం మార్కెట్లో కలాసీ ఆయన. నా చంకల కింద చేతులు పెట్టి, బెల్లం దిమ్మ ఎత్తినట్టు ఎత్తి నిలబెట్టాడు. నా లుంగీ ఎక్కడుందో చూడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మర్యాదకి కూడా నాకు కోపమే వచ్చింది.

మా ఆవిడ నేల మీంచే అంది: "మీ పౌరుషానికి నా నడుం ఇరిగిపోనాదండి."

వాపు తగ్గడానికి వారం పట్టింది. మళ్లీ మేడెక్కి, ఆ పిల్లతో జరిగిందంతా చెప్పాను. రోజూ రెండేసి మాత్రలు మింగి వచ్చానని, నీ ముందు నొప్పి అనడం ఇష్టంలేకే దాచానని. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను అన్నాను మేష్టారూ," అంది నెమ్మదిగా. "ఏడో క్లాసులో. యాభై అయ్యేసరికి కాళ్లు నొప్పెడతన్నాయి సార్ అన్నాను. ఇంకో యాభై తియ్యమన్నారు. మూడు రోజులు మా అమ్మే పట్టుకుని లేపింది నన్ను."

నాకది గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. ఎంతమందికో అన్న మాట, ఏ ఒక్కరి మొహమని గుర్తుంటుంది?

ఆ పిల్ల కుర్చీ ముందుకి లాగింది. ఈవేళ మూడు చాలు, నొప్పొస్తే చెప్పమంది. ఆ రోజు నేను మాత్ర వేసుకోలేదు. ఒకటి లేచాను. రెండోది సగంలో ఉండగా నొప్పి అన్నాను. వెంటనే ఆపేసింది.

వానలు పడేనాటికి లెట్రిన్లో గోడ పట్టుకుని నా అంతట నేను లేచాను. మా ఆవిణ్ణి పిలవలేదు. ఆ పిల్లతో మాత్రం తప్పయిందమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను. అనాలనే రోజూ వెళ్లేవాణ్ణి. లెక్కపెట్టించుకుని వచ్చేసేవాణ్ణి.