టీము మా ఊరికా, మీ ఊరికా

పాత ఇండోర్ స్టేడియంలో, జనం కూర్చునే మెట్ల వరసల కింద ఒక చిన్న గది ఉంది. దాని కిటికీ వీధిలో నడిచేవాళ్ల చీలమండల ఎత్తులో ఉంటుంది. లోపల కూర్చున్న మనిషికి దారిన పోయేవాళ్ల మొహాలు కనపడవు, చెప్పులే కనపడతాయి. గదిలో గోడకి, కూర్చుంటే చేతికందే ఎత్తులో ఒక పాత బాస్కెట్‌బాల్ రింగు బిగించి ఉంది. దాని ముందు పీట వేసుకుని నెట్లు అల్లే ఆవిడని స్టేడియంలో అందరూ నెట్టక్క అంటారు. ఆమె కంటే వయసులో పెద్దదైన టీకొట్టు ఆవిడ కూడా అలాగే పిలుస్తుంది.

నెట్టక్క పనికి వంక పెట్టినవాళ్లు లేరు. ఆమె అల్లిన నెట్టులో బంతి పడితే రెప్పపాటు ఆగి, ఆ తర్వాత జారుతుంది. పనితనమంతా ఆ ఆగడంలోనే ఉంది. పైన వెడల్పుగా మొదలుపెట్టి కిందికి వచ్చేసరికి సన్నం చెయ్యాలి. ఎంత సన్నం అంటే చెప్పడానికి టేపు లేదు, వేళ్లే కొలత. పై వరసల గళ్లు నాలుగు వేళ్ల మీద, అట్టడుగు వరస మూడు వేళ్ల మీద. రేవు పట్నంలో చేపల వలలు అల్లిన తల్లి తన కూతుళ్లిద్దరికీ అలాగే నేర్పింది.

ఆ ఇద్దరిలో నెట్టక్క పెద్దది. పెళ్లి చేసుకుని ఈ మిల్లుల ఊరికి వచ్చింది. చెల్లెలు రేవులోనే ఉండిపోయింది. ఊరికే ఉండిపోతే బాగానే ఉండేది, ఉండిపోయి అన్నీ దక్కించుకుంది. అదీ నెట్టక్క బాధ. అల్లికకి వాడే అమ్మ చెక్క సూది దానికే దక్కింది. అమ్మ ఒత్తు జుట్టూ దానికే వచ్చింది. మూడో అంతస్తులో, సముద్రం కనపడే ఇల్లు దానికే దొరికింది. అది చాలదన్నట్టు నిరుడు రేవులో అద్దాల గోడలతో, మడత కుర్చీలతో కొత్త హాలు కట్టి, నెట్లూ జెర్సీలూ చూసుకోవడానికి చెల్లెల్నే పెట్టుకున్నారు. దానికో గది ఇచ్చారు. ఆ గదికి తలుపంత కిటికీ. చెల్లెలు ఆ కిటికీ ఫొటో తీసి పంపింది. నెట్టక్క ఫొటో చూసి, ఫోను బోర్లా పెట్టి, తన కిటికీలోంచి పోయే చెప్పుల్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే బాస్కెట్‌బాల్ లీగులో కొత్తగా ఒక టీము చేరుస్తారని కబురు వచ్చింది. ఏ ఊరికిస్తారో ఇంకా తేలలేదు. మిల్లుల ఊరు, రేవు పట్నం గట్టిగా పోటీలో ఉన్నాయి. మూడో పేరు ఒకటి ఉందనీ, ఎక్కడో కొండ మీది ఊరనీ అన్నారు కానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

టీకొట్టు దగ్గర రోజూ అదే చర్చ.

"జనాభా చూసి ఇవ్వాలి. మిల్లు షిఫ్టు దిగితే మన వీధుల్లో కాలు పెట్టే చోటుండదు," అన్నాడు కోచ్.

"జనం ఉంటే సరిపోతుందా బాబూ? టికెట్టు కొనే జనం ఉండాలి. మనవాళ్లు గోడ దూకి చూస్తారు," అంది టీకొట్టు ఆవిడ.

"రేవుకి రైలుంది, విమానం ఉంది," అన్నాడు వాచ్‌మన్. "మనకేముంది? నెట్టక్క మొగుడి బస్సుంది."

అందరూ నవ్వారు. నెట్టక్క మొగుడు రోజూ రేవు దాకా బస్సు నడుపుతాడు. నెట్టక్క మాత్రం నవ్వలేదు.

"రేవులో ఉప్పుగాలికి రింగులు తుప్పు పట్టిపోతాయి," అంది.

"హాలు లోపల గాలెక్కడిది నెట్టక్కా?"

"తలుపులు తియ్యరా ఏంటి?" అని గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది.

టీము వస్తే ఆమెకి ప్రత్యేకంగా ఒరిగేదేం లేదు. అదే గది, అదే రింగు, నెట్లు మాత్రం ఇంకొన్ని ఎక్కువ. ఆమెకి కావలసింది వేరే. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెల్లెలికి రానిది తనకి రావాలి. చెల్లెలు ఫోను చేసి, "నీ అదృష్టమే అదృష్టం అక్కా" అనాలి. ఆ మాటని ఏ గొంతుతో అంటుందో కూడా నెట్టక్క ఊహించి పెట్టుకుంది.

చెల్లెలు ఫోను చేసింది కానీ ఆ మాట అనలేదు.

"అక్కా, విన్నావా? టీము మా ఊరికేనట. అందరూ అదే అంటున్నారు."

"అందరూ అంటే ఎవరే? మీ మెట్ల మీద కూర్చునే ఆడవాళ్లా?"

"లీగు వాళ్లు గురువారం మీ హాలుకి వస్తారట, శనివారం మా హాలుకి. మీ హాల్లో ఏం చూస్తారు పాపం, పావురాల్ని లెక్కపెట్టుకుంటారు."

పావురాల మాట నిజం కాబట్టి నెట్టక్కకి ఇంకా ఎక్కువ మండింది.

"సరే, ఇంతకీ ఎందుకు చేశానంటే," చెల్లెలి గొంతు కొంచెం తగ్గింది, "నా కుడి బొటనవేలు వాచిపోయింది. డాక్టరు దారం ముట్టుకోవద్దన్నాడు. మెషీన్ నెట్లు కట్టడం నాకిష్టం లేదక్కా, వాటిలో బంతి ఆగదు. శనివారానికి రెండు నెట్లు అల్లి బావతో పంపవా?"

"అడగడానికి నీకు నేనే దొరికానా?"

"నువ్వు కాక నాకెవరున్నారు?"

నెట్టక్క సరేనంది. ఫోను పెట్టేశాక తనని తనే తిట్టుకుంది. మర్నాడు పొద్దున్నే కూర్చుని రెండు నెట్లూ అల్లింది. పై వరసలన్నీ అద్దంలా వచ్చాయి. కోపంలో కూడా ఆమె చెయ్యి చెడ్డపని చెయ్యదు, అలవాటు లేదు. అట్టడుగు వరసకి వచ్చేసరికి, చాపిన మూడు వేళ్లని చూసుకుని ఒక వేలు ముడిచింది. రెండు నెట్లకీ మిగిలిన రెండు వేళ్ల మీదే ఆ వరసంతా పూర్తి చేసింది.

కంటితో చూస్తే తేడా తెలియదు. బంతికి తెలుస్తుంది. వచ్చిన బంతి వచ్చినట్టే నెట్టులో ఇరుక్కుని, సంచిలో గుమ్మడికాయలా వేలాడుతుంది. ఎవరో ఒకడు ఎగిరి కిందినుంచి పొడిస్తేగాని పడదు. లీగు వాళ్ల ముందు ఒక్కసారి అలా జరిగితే చాలు. అద్దాల హాలు, మడత కుర్చీలు, తలుపంత కిటికీ, అన్నీ కలిసి నవ్వులపాలవుతాయి. నెట్లని పాత దిండు గలీబులో చుట్టి మొగుడి చేతికిచ్చింది.

"ఎప్పుడూ లేనిది, చెల్లెలి మీద ప్రేమ పొంగుతోందే," అన్నాడతను.

"పట్టుకెళ్లమంటే పట్టుకెళ్లు."

గురువారం లీగు వాళ్లు వచ్చారు. కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, ఇద్దరు మగవాళ్లు. కోచ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వాచ్‌మన్ తెల్లవారకముందే పావురాల్ని అన్నిటినీ తోలేశాడు, ఒక్కదాన్ని తప్ప. సరిగ్గా మన కుర్రాడు గురి చూసి బంతి వేసే సమయానికి ఆ ఒక్కటీ వచ్చి రింగు మీద వాలింది. కుర్రాడు బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పావురం కూడా కదల్లేదు. కళ్లజోడు ఆవిడ ముందు పెదవులు బిగబట్టింది, తర్వాత తట్టుకోలేక నవ్వేసింది. మంచిగానే నవ్వింది. అయినా తలుపు పక్కన నిలబడ్డ నెట్టక్కకి ఆ నవ్వు ఎవరో తన ఇంట్లోకి వచ్చి తన గిన్నెలు చూసి నవ్వినట్టనిపించింది.

సాయంత్రం చెల్లెలి ఫోను.

"నెట్లు అందాయి అక్కా. చాలా శ్రద్ధగా అల్లావు."

అంతే అంది. పావురం సంగతి వినే ఉంటుంది, అయినా ఎత్తలేదు. ఎత్తి ఆటపట్టించి ఉంటే నెట్టక్కకి హాయిగా ఉండేది, తను చేసినదానికి సరిపోయేది. శుక్రవారమంతా ఆమెకి చేతులు ఆడలేదు. కళ్ల ముందు కళ్లజోడు ఆవిడ నవ్వే. కాకపోతే ఈసారి ఆ నవ్వు ముందు నిలబడింది తను కాదు, వాచిన బొటనవేలితో చెల్లెలు. అది చిన్నప్పుడు ఎవరైనా నవ్వితే ఏడ్చేది కాదు, జడ చివర నోట్లో పెట్టుకుని నమిలేది.

మధ్యాహ్నం పీట వేసుకుని ఇంకో రెండు నెట్లు మొదలుపెట్టింది. ఈసారి కింది వరస మూడు వేళ్ల మీద.

శనివారం పొద్దున మొగుడి బస్సులో, డ్రైవరు వెనక సీట్లో, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది.

"ఏంటి సంగతి?" అన్నాడతను అద్దంలోంచి చూస్తూ.

"ఏం లేదు. కొంచెం తొందరగా పోనీ."

"ఇది బస్సు. ప్రతి స్టాపులోనూ ఆగుతుంది."

"ఈ రోజే అన్ని స్టాపులూ కనపడ్డాయా నీకు?"

దిగి పరుగులాంటి నడకతో హాలు చేరింది. అంత కంగారులోనూ ఆమె కళ్లు ఊరుకోలేదు. మెట్లకి రాయి పరిచారు, మా మెట్లకి లేదు. లోపలికి వెళ్లగానే చల్లగా ఉంది, మా దాన్లో ఉండదు. చెంపలు వేసుకోవడానికి వచ్చి కూడా అసూయ పడుతున్నానే అనుకుంది, అనుకుంటూనే పైకప్పు దీపాలు చూసింది.

లీగు వాళ్లు అప్పటికే కుర్చీల్లో ఉన్నారు. నెట్లు రింగులకి కట్టేసి ఉన్నాయి. ఒక పొడుగాటి కుర్రాడు బంతి ఎత్తి గురి చూస్తున్నాడు. నెట్టక్క సంచిని గుండెకి అదుముకుని కళ్లు మూసుకుంది.

బంతి రింగులో పడ్డ చప్పుడు. రెప్పపాటు ఏమీ లేదు. తర్వాత నేల మీద దబ్బున చప్పుడు.

కళ్లు తెరిచి రింగు కింద దాకా వెళ్లి తలెత్తి చూసింది. పై వరసలు తన చేతివే. అట్టడుగు వరస తనది కాదు. ముడులు ఒక్కోటి ఒక్కో తీరుగా, చెయ్యి వణికినట్టు ఉన్నాయి. గళ్లు మాత్రం సరిగ్గా మూడు వేళ్లు.

"రెండు వేళ్ల మీద వేశావు," అంది వెనకనుంచి చెల్లెలు. కుడి చేతి బొటనవేలికి లావుగా కట్టు ఉంది. "అమ్మ ఉంటే చేతి మీద ఒక్కటిచ్చేది."

నెట్టక్క ఆ కట్టు వైపు చూసింది.

"పొరపాటేమో అనుకున్నా. రెండో నెట్టు కూడా చూశాక, మా అక్క రెండుసార్లు పొరపాటు చెయ్యదులే అనుకున్నా. విప్పి మళ్లీ అల్లాను, ఈ వేలితో. ఎంత నొప్పేసిందో తెలుసా?"

"ఫోనులో తిట్టి ఉండాల్సిందే."

"ఏమని తిట్టను? మీ హాల్లో పావురం దిగిందని విన్నప్పుడు నేను టీ తెప్పించుకుని తాగాను, పండగలా."

నెట్టక్క సంచిలోంచి కొత్త నెట్లు తీసి ఇచ్చింది. చెల్లెలు ఎడమ చేతి మూడు వేళ్లు కింది వరసలో పెట్టి ఒక్కో గడీ చూసింది. అన్నీ చూసింది, నమ్మకం లేనట్టు. తర్వాత తన గదిలోకి తీసుకెళ్లి బీరువాలో పెట్టింది. కూర్చోమనలేదు. నెట్టక్క గుమ్మంలో నిలబడి తలుపంత కిటికీని చూసింది. ఫొటోలో కంటే పెద్దగానే ఉంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇద్దరి మధ్యా ఫోను లేదు. నెట్టక్క ఫోను చేతిలోకి తీసుకునేది, పక్కన పెట్టేది. చివరికి ఒక రోజు అదే మోగింది.

"విన్నావా?" అంది చెల్లెలు.

"విన్నా."

టీము కొండ మీది ఊరికి ఇచ్చారు. అక్కడ ప్రతి ఇంటి గోడకీ ఒక రింగు ఉంటుందట. బడిపిల్లల ఆటకి కూడా ఊరంతా కదిలి వస్తుందట. కళ్లజోడు ఆవిడ, హాలు తర్వాత కట్టుకోవచ్చు, చూసేవాళ్లని కట్టలేం కదా అందట.

"ఆ ఊళ్లో ఏముందని అక్కా? సరైన రోడ్డు కూడా లేదు."

"రోడ్డు సంగతి వదిలెయ్. మీ బావ చెప్పాడు, అక్కడికి బస్సే పోదట."

"హాలే లేదు, మన రెండు హాళ్లనీ కాదని..."

"మన" అన్న మాట నెట్టక్క చెవిలో పడింది. ఇద్దరూ ఆ ఊరిని తిట్టుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అన్నేళ్లలో అంత చక్కగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కొండ ఊరి టీము మొదటి ఆట రోజున చెల్లెలు నెట్టక్క ఇంటికి వచ్చింది. నెట్టక్క మొగుడు కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కున్నాడు. టీవీలో జనం లేచి నిలబడి కేకలు వేస్తున్నారు. అక్కాచెల్లెళ్లు జనాన్ని చూడలేదు.

"నెట్టు చూడు," అంది చెల్లెలు.

"చూశా. చేత్తో అల్లిందే."

"కింది వరస?"

బంతి పడి, రెప్పపాటు ఆగి, జారింది.

"మూడు వేళ్లే," అంది నెట్టక్క అయిష్టంగా.

"కాసేపు ఆట చూడనిస్తారా?" అన్నాడు మొగుడు.

ఆ ఊళ్లో ఎక్కడో ఒకావిడ పీట వేసుకుని కూర్చుని ఆ నెట్టు అల్లింది. ఇప్పుడామెకి పెద్ద టీముంది, ఊరంతా ఉంది. ఆమె మొహం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

"దానికి గది ఇచ్చే ఉంటారు," అంది చెల్లెలు మెల్లగా.

"కిటికీ కూడా," అంది నెట్టక్క. "కొండలు కనపడేది."