బండిలో చుక్క పడలేదు

కాస్త సర్దుకుని కూర్చో. కొండలు, లోయలు, వాన, చావుకీ బతుకుకీ మధ్య పరిగెత్తే బండి, అన్నీ ఉన్న వీరగాథ ఒకటి చెప్పబోతున్నాను. కొన్నేళ్ళుగా దాన్ని గుండె మీద మోస్తున్నాను.

అబద్ధం. ఇది వీరగాథ కాదు. ఒక వాంతి గురించి. బరువు మాత్రం నిజమే, కానీ అది గుండె మీద లేదు, కడుపులో ఉంది. ఎప్పుడో తిన్నది ఇంకా అరగనట్టు ఉంటుంది.

నువ్వు అంబులెన్సులో టెక్నీషియన్‌గా చేరుతున్నావని, కొత్తవాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు రాసిపెట్టమని సూపర్‌వైజరు అడిగాడు. రాసిచ్చాను. బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో. సంచిలో ఇంకో జత మేజోళ్ళు పెట్టుకో. సంత రోజు హుకుంపేట బజారులోంచి బండి పోదు, చుట్టుదారి నేర్చుకో. డ్యూటీ ఎక్కగానే ఆక్సిజన్ సిలిండర్ తిప్పి చూడు, నిన్నటివాడు చూశానని చెప్పినా సరే. అవి ఆయన పంచిపెడతాడు. ఇది నీకు విడిగా. పేరు రాయడం లేదు. ఇక్కడ అందర్నీ నవ్వించేవాడు ఒక్కడే ఉన్నాడు, అడిగితే ఎవరైనా చూపిస్తారు.

మన పద్ధతి నీకు తెలుసు. డ్రైవరు ముందు, మనం వెనక, రోగి పక్కన. నేను ముందు కూర్చునేవాణ్ణి. కారణం గొప్పదేమీ కాదు. నాకు వాంతి వాసన పడదు. బండి ఎప్పుడూ ఎక్కని మనుషులు కొండ మీద నుంచి వస్తారు, ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. వెనక కిటికీ అద్దం బిగుసుకుపోయి జరగదు. దిగాక నేల కడగాల్సింది మనమే. అందుకని రోగి చుట్టాన్ని వెనక కూర్చోబెట్టి, ఏమైనా అయితే డ్రైవరు వెనకున్న అద్దం మీద తట్టమని చెప్పి, ముందుకొచ్చేసేవాణ్ణి. మరి ఈ ఉద్యోగంలో ఎందుకు చేరాను? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. యూనిఫాం బాగుంటుందన్న జవాబు తప్ప ఇంకోటి దొరకలేదు.

ఆ రోజు కబురు వచ్చిన ఊరికి రోడ్డు లేదు. రోడ్డు ఆగిపోయిన చోట బండి ఆపుకుని ఎదురుచూశాం. నలుగురు మనుషులు డోలీ మోసుకుంటూ దిగారు. అందులో బుద్రి. జ్వరం. పక్కన ఆమె మొగుడు గాసి, మెడలో తువ్వాలు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఊరి పొలిమేర రాయి దగ్గర డోలీ దింపుతారు. ఇంటివాడు రాయి మీద ఆకు పెట్టి మొక్కుతాడు, ఈలోగా మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటారు. భక్తీ అదే, విశ్రాంతీ అదే. ఆ రోజూ దింపారు. గాసి మొక్కాడు. ఆ సంగతి దిగగానే తనే చెప్పాడు, మంచి పని చేసి వచ్చినట్టు.

బుద్రి మత్తుగా ఉంది కానీ పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచింది. ఊపిరి బాగానే ఆడుతోంది. చూసింది నేనే. ఈ ముక్క గుర్తుపెట్టుకో. మత్తులో ఉన్న మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలని మొదటి వారంలోనే నేర్పుతారు. నేను వెల్లకిలా పడుకోబెట్టాను. బెల్టులు పెట్టడం తేలిక.

తలుపు వేస్తూ గాసితో ఒక జోకు వేశాను. "మామా, బండిలో కక్కితే కడగాల్సింది నువ్వే. చుక్క పడ్డానికి వీల్లేదు." నవ్వాడు. నాకైతే జోకు పండిందనిపించింది.

ముందుకొచ్చి కూర్చోగానే డ్రైవరు, "రోగి ఎనకాల, నువ్వు ముందర. ఎవులికి ఎవులు తోడురా బావా?" అన్నాడు. ఆవిడకి మొగుడు తోడు, నీకు నేను తోడు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మలుపులన్నీ దిగేదాకా ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాను. ఆ రోజు బాగా నవ్వించాను. ఏం చెప్పానో ఒక్కటీ గుర్తులేదు.

ఆసుపత్రి ముందు వెనక తలుపు తీశాను. బుద్రి పెదాలు నీలంగా ఉన్నాయి. గాసి ఆమె నోటి దగ్గర తువ్వాలు పట్టుకుని ఉన్నాడు. తువ్వాలు తడిసి ముద్దయింది.

"తట్టలేదేం?" అన్నాను.

"తడదావనే అనుకున్నాను సారూ. మీరిద్దరూ నవ్వుకుంతన్నారు. మద్దిలో ఎందుకని ఊరుకున్నాను. కక్కితే తువ్వాల నోటికి అడ్డెట్టేసినాను." కిందికి చూపించాడు. "బండిలో సుక్క పడనీలేదు."

నేను నేల చూశాను. నిజమే, శుభ్రంగా ఉంది. ఇప్పుడు అసలు మాట రాయాలి. ఆమె మొహం కంటే ముందు నేల చూశాను, చూసి, హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యకి ఎంత సేపు పట్టిందో చెప్పలేను, రెప్పపాటు కూడా ఉండదేమో, కానీ తరవాత చేసిన పనులన్నిటికీ ఏదో ఒక సాకు దొరికింది, భయమనో కుర్రతనమనో, దానికి మాత్రం ఇన్నేళ్ళు వెతికినా దొరకలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు అదే గుర్తొస్తుంది. నా మీద నాకే డోకు వస్తుంది.

బుద్రి బతకలేదు. ఊపిరితిత్తుల్లోకి వాంతి పోయింది. వాంతి ఎప్పుడైందని డాక్టరమ్మ అడిగింది. డోలీలోనే మేడం, దారిలో రాయి దగ్గర దింపేసి మొక్కుకుంటూ కూర్చున్నారు, అన్నాను. గొంతు తడబడలేదు. ఆవిడ గాసిని అందరి ముందూ తిట్టింది. రాయి ముఖ్యమా, పెళ్ళాం ముఖ్యమా అంది. గాసి నా వైపు చూశాడు. నేను గ్లవ్స్ విప్పుతున్నట్టు తల దించుకున్నాను. పక్కనే కూర్చుని అంతా చూసిన మనిషి. తన కళ్ళని కాదని నా యూనిఫాం చొక్కాని నమ్మాడు.

అది అక్కడితో అయిపోతే ఈ పాటికి మరిచిపోయేవాణ్ణేమో. అంతటివాణ్ణే. కానీ తరవాత ఆ ఊరి నుంచి డోలీ వచ్చిన ప్రతిసారీ మోసేవాళ్ళ భుజాలు తోలు లేచిపోయి ఉండేవి. రాయి దగ్గర దింపడం మానేశారు. దింపితే మనిషి పోతుందని గాసే అందరికీ చెప్పాడు. ఒకసారి నిటారు దిగుడులో ఒకతను కాళ్ళు తేలిపోయి పడ్డాడు. మోకాలికి కట్టు కట్టింది నేనే. కడుతూ జోకు కూడా వేశాను.

పోయిన సంతలో గాసి అల్లం అమ్ముతూ కనిపించాడు. అల్లం కుప్ప పక్కన గొంతుక్కూర్చుని మొత్తం చెప్పాను. వెల్లకిలా పడుకోబెట్టడం, ముందు కూర్చోవడం, డాక్టరమ్మతో చెప్పింది. నేల గురించి కూడా. అతను అల్లం మీది మట్టి గోరుతో గీకుతూ విన్నాడు. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను, అప్పుడు నాకు సులువు. చేతిలో అల్లం కుప్పలో పెట్టి ఒకటే అడిగాడు.

"అయితే సారూ, రాయికాడ దింపొచ్చా?"

"దింపొచ్చు" అన్నాను.

తలూపి, వెనకాల నిలబడ్డ ఆవిడకి అల్లం తూచడం మొదలుపెట్టాడు. మళ్ళీ నా వైపు చూడలేదు. లేచేటప్పుడు ఏదో ఒకటి అని నవ్వించడం నాకు అలవాటు. నోటిదాకా వచ్చిందాన్ని మింగేశాను.

ఆఫీసులో ఇంకా చెప్పలేదు. రేపు సూపర్‌వైజరుతో చెబుతాను. చెప్పకపోతే ఈ కాగితం నువ్వే ఆయనకి చూపించు. చెప్పాక ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. ఇంత రాశాక మాత్రం కాస్త తేలికగా ఉంది. దీన్ని మనశ్శాంతి అనకు. వాంతి అయ్యాక కాసేపు ఉండే తేలిక, అంతే. నోరు ఇంకా చేదుగానే ఉంది.

బహుశా నీకు నా బండే ఇస్తారు. మొన్న చూశాను, వెనక కిటికీ అద్దం గాడిలో రెండు చుక్కలు కొబ్బరినూనె వేస్తే సులువుగా జరుగుతుంది.