నలుగురు కొరియా కుర్రాళ్ళకు తణుకులో పరామర్శ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా అమ్మ అంటుంది. నిజమే, నేను ఇంటర్ చదివి ఎన్నేళ్ళయిందని! కానీ ఆ రోజుల్లో నేను ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే మాత్రం అదేదో పోయిన జన్మలో జరిగినట్టు ఉంటుంది. ఇప్పుడు రాజమండ్రిలో ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చి, ఫోనుకి చార్జర్ తగిలించి పడుకునే ఈ మనిషిలోంచి అన్ని కన్నీళ్ళు ఎలా వచ్చాయో నాకే నమ్మకం కుదరదు.

అప్పట్లో మేం తణుకులో ఉండేవాళ్ళం, నా ప్రాణం కొరియాలో ఉండేది. అక్కడ ఒక గాయకుడు ఏళ్ళ తరబడి ఓ పెద్ద కంపెనీలో వాళ్ళు పాడమన్నవే పాడి, విసుగెత్తి బయటికొచ్చి సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. మిగతా కంపెనీలు పనికిరారని పంపేసిన నలుగురు కుర్రాళ్ళని చేరదీసి, పాటలు తనే రాసి, డ్యాన్సు దగ్గరుండి నేర్పించి ఒక గ్రూపు తయారుచేశాడు. వాళ్ళ పేర్లు మా మామ్మకి (అంటే నాన్న వాళ్ళమ్మకి) నోటికి తిరగవని పెద్దాడు, పొడుగాడు, కోపిష్టోడు, చంటోడు అని పెట్టుకున్నాం. (చంటోడు నాకంటే పెద్దవాడే. అయినా చంటోడే.) వీడియోల్లో ఆ గాయకుడే వాళ్ళకి నూడుల్స్ వండి పెట్టేవాడు, స్టేజీ వెనక తువ్వాలు పట్టుకుని నిలబడేవాడు. పెద్ద కంపెనీల గ్రూపులకి ఊరూరా అభిమానులుండేవారు. మావాళ్ళకి తణుకు మొత్తానికి నేనొక్కదాన్నే. నేను చూడ్డం మానేస్తే వాళ్ళు పడిపోతారన్న భయంతో చదువు పక్కన పెట్టి మరీ చూసేదాన్ని. చూస్తూనే ఉన్నాను, పడిపోయారు.

ఆ రోజు పొద్దుట్నుంచీ ముసురు. అమ్మా నాన్నా పెనుగొండ గుడికి వెళ్ళారు. ఇంట్లో నేనూ మామ్మా. ఆ గాయకుడు లైవులోకి వచ్చి, కంపెనీ మూసేస్తున్నాననీ, తప్పంతా తనదేననీ, పిల్లలది కాదనీ చెప్పి తల వంచాడు. వంచిన తల ఎత్తలేదు. వెనక గోడకి ఆనుకుని నలుగురూ నిలబడ్డారు. చంటోడు కన్నీళ్ళు జారకుండా పైకప్పు కేసి చూస్తున్నాడు. నేను ఫోను గుండెలకి హత్తుకుని నేల మీద పడిపోయాను. బియ్యం కడుగుతున్న మామ్మ పరుగున వచ్చి "ఏమైందే తల్లీ?" అంది. ఫోను చూపించాను. అందులో అందరూ ఏడుస్తున్నారు. మామ్మ వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. (ఎవరు పోయారని అడగలేదు. మావైపు అలా అడగరు. ఏడుస్తున్నవాళ్ళని పట్టుకుని ఎవరు, ఎలా అని నిలదీయడం మర్యాద కాదు. వాళ్ళే చెప్తారు, అందాకా పక్కన కూర్చోవాలి.)

కాసేపటికి పక్కింటి పిన్నిగారు కరివేపాకు కోసం వచ్చారు. ఆర్పేసిన పొయ్యి, గిన్నెలో నానిపోతున్న బియ్యం, నేల మీద నేను. ఆవిడ కరివేపాకు మాట ఎత్తకుండానే వెనక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వీధి కదిలింది. ఎదురింటి మావయ్యగారు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి వాకిట్లో వేయించారు. మగవాళ్ళు బయట, ఆడవాళ్ళు లోపల. "చిన్న వయసేనంటండి." "ఏం చేస్తామండి, మన చేతుల్లో ఏముంది చెప్పండి." ప్రతి మాటా మావాళ్ళకి అతికినట్టు సరిపోయింది. నా బాధ ఇన్నాళ్ళకి వీధికి అర్థమైందని మరింత ఏడ్చాను. పిన్నిగారు నా తల నిమురుతూ, "బాగా కావలసినవాళ్ళామ్మా?" అన్నారు. తలూపాను. ఇక ఉండబట్టలేక, "పెద్దవారా?" అన్నారు.

"కాదు పిన్నిగారూ, కుర్రాళ్ళు. నలుగురు."

"నలుగురే!" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆ మాట వాకిట్లో కుర్చీల దాకా వెళ్ళేసరికి అందులోకి ఓ కారూ, దాన్ని గుద్దిన లారీ కూడా వచ్చి చేరాయి. మధ్యాహ్నానికి ఎవరింట్లోనో వండిన పప్పూ, చారూ, పెరుగూ క్యారియర్లో వచ్చాయి. మామ్మ చెయ్యి పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

అమ్మా నాన్నా వీధి మొదట్లో ఆటో దిగారు. మా ఇంటి ముందు కుర్చీలు, గొడుగులు, తల దించుకున్న మగవాళ్ళు. ఇంట్లో ఉన్నది పెద్దావిడా, చిన్నపిల్లా. అమ్మ లెక్క అమ్మ వేసుకుంది. "అత్తయ్యగారూ!" అని అక్కడ్నుంచే ఒక్క కేక పెట్టి, చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ కేకకి మామ్మే అదిరిపడి గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడే ఉన్నానే! ఇంతకీ ఎవరే పోయింది?" అంది. అమ్మ మామ్మని చూసింది, మామ్మ పిన్నిగారిని చూసింది, పిన్నిగారు నన్ను చూశారు.

"గ్రూపు... కంపెనీ మూసేశారు," అన్నాను.

"ఏ కంపెనీయే?" అన్నారు నాన్న, ప్రసాదం పొట్లం చేత్తో పట్టుకుని.

"కొరియాలో."

నాన్న ఆ కుర్చీలన్నీ ఒకసారి కలియజూసి, "వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చారు, కాస్త కాఫీ తాగి వెళ్ళండి," అన్నారు. ఎవరూ తాగలేదు. చావు ఇంటినుంచి వెళ్ళొస్తామని చెప్పకూడదు, మామూలు ఇంటినుంచి చెప్పకుండా వెళ్ళకూడదు. మాది ఏ రకం ఇల్లో తేల్చుకోలేక గొణుక్కుంటూ లేచారు. అమ్మ నా వీపు మీద రెండు వాయించి, ఇంటిల్లిపాదికీ తలస్నానాలు చేయించి, నా ఫోను మీద కూడా పసుపునీళ్ళు చల్లింది. ఆ ఫోను స్పీకరు మళ్ళీ కోలుకోలేదు.

సాయంత్రం మామ్మ పెరుగన్నం కలుపుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఈవిడా తిడుతుందని గోడ వైపు తిరిగాను.

"ఆ చంటోడు ఇప్పుడేం చేస్తాడే?" అంది.

"ఇంటికెళ్ళిపోతాడు."

"మా అన్నయ్యా అలాగే వచ్చేసేడు," అంది మామ్మ. "వేషాలు వేసే ఒకాయనే సొంతంగా నాటకాల కంపెనీ పెట్టి, మా అన్నయ్యని తీసుకెళ్ళేడు. ఎంత గొంతనుకున్నావ్! కంపెనీ ఎత్తేసేక, ఓ పెట్టె పట్టుకుని ఇంటికొచ్చేడు. ఆ పూట మేం అందరం శుభ్రంగా అన్నం తిన్నాం. పీడా పోయిందన్నారు మా నాన్న. అన్నయ్య పొలం పనిలో పడ్డాడు. మళ్ళీ పాడలేదే. పొలంలో కూడా పాడలేదు. ఎవరూ ఏడవలేదు వాడి కోసం. వీళ్ళకి నువ్వైనా ఏడ్చేవు."

నేను ఇటు తిరిగాను. ఆవిడ ఏడవడం లేదు. కలిపిన అన్నం మాత్రం ముద్ద చెయ్యకుండా అలాగే కెలుకుతోంది. ఆ రోజు నాకోసం అనుకున్న పరామర్శ అంతా నిజానికి ఆవిడకి రావలసింది, చాలా ఆలస్యంగా వచ్చిందని నాకు ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆకలేసి తినేశాను.

తర్వాత డిగ్రీ, ఉద్యోగం, రాజమండ్రి. ఈమధ్య ఓ ఆదివారం ఫోన్లో అన్ని కబుర్లూ అయ్యాక మామ్మ ఉన్నట్టుండి, "అవునే, ఆ చంటోడు మళ్ళీ పాడుతున్నాడా?" అంది. ఏ చంటోడని అడగబోయి ఆగాను.

"తెలీదు మామ్మా. ఇప్పుడు చూడటం లేదు."

"అంత ఏడ్చేవు కదే," అంది. కోపం లేదు, నిష్ఠూరమూ లేదు. ఆశ్చర్యపోయింది, అంతే. అదే నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఆ రాత్రి వెతికాను. పాత ఫొటోలు, పాత పాటలు, వాటి కింద ఎవరెవరో ఎప్పుడో రాసిన మాటలు. ఆ తర్వాత వాడేమయ్యాడో ఎక్కడా లేదు. మర్నాడు నేనే ఫోన్ చేసి, "పాడుతున్నాడు మామ్మా. వాళ్ళ ఊళ్ళోనే, చిన్నగా. కానీ పాడుతున్నాడు," అన్నాను.

"హమ్మయ్య," అంది మామ్మ.

ఫోను పెట్టేశాక, నేల మీద పడి దొర్లిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. వీధి వీధంతా చూసి నవ్వుకున్న ఆ పిల్లయితే మామ్మకి అబద్ధం చెప్పాల్సి వచ్చేది కాదు. చంటోడు ఏమయ్యాడో ఆ పిల్లకి తెలిసి ఉండేది.