చిటారుకొమ్మన ఒక్క పండు

అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉన్న రోజుల్లో, మా అద్దింటి పెరట్లో టమాటాల్లా ఉండే నారింజరంగు పర్సిమన్ పళ్లు విరగకాశాయి. నాకవి నచ్చవు. ఆఫీస్‌లో పంచేద్దామని సంచి నింపుకుని రైలెక్కాను. రోజూ ఎదురు సీట్లో కూర్చునే జపాన్ ఇంజనీర్ సాటోకి ఒకటిచ్చాను.

"చెట్టు మీద ఒకటైనా వదిలారా?" అన్నాడు.

"లేదు, అన్నీ కోసేశాను."

"మావైపు చిటారుకొమ్మన ఒకటి వదిలేస్తాం, వచ్చే ఏడు మళ్లీ కాయాలని."

వాళ్లది కొండల మధ్య చిన్న పట్నం. వయసులో ఉన్నవాళ్లంతా టోక్యో వెళ్లిపోయారు. కోసేవాళ్లు లేక మిగిలిన పళ్ల కోసం ఎలుగుబంట్లు వీధుల్లోకి వస్తున్నాయట. చెట్లు కొట్టేయమని మున్సిపాలిటీ చెప్పిందట.

"మరి మీ చెట్టు?"

"పోయిన నెల వెళ్లి, మా అక్కా నేనూ పళ్లు కోశాం. అలవాటుకొద్దీ అక్క చిటారుకొమ్మన ఒకటి వదిలింది. మర్నాడు ఆ పండుతో సహా చెట్టు కొట్టించాం."